పాడు డబ్బా

నా షాపులో బల్ల కింద రెండు రేకు డబ్బాలు ఉంటాయి. ఒకదాని మీద ‘పాత’ అనీ, రెండోదాని మీద ‘పాడు’ అనీ నేనే ఎర్ర పెయింటుతో రాసుకున్నాను. కుట్టు మిషన్ విప్పినప్పుడు కాస్త అరిగినా ఇంకోచోట పనికొచ్చే సామాను పాత డబ్బాలో పడుతుంది. ఎందుకూ కొరగానిది పాడు డబ్బాలో పడుతుంది. అది నిండితే బయట పారబోస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఈ పద్ధతే ఒకనాటికి నా కొంప ముంచుతుందని ఎవరైనా చెప్పుంటే నవ్వేసి సూదిలో దారం ఎక్కించుకునేవాణ్ణి.

షాపు అంటే మా ఇంటి ముందు గదే. వెనక గదిలో మా ఆవిడ ఉంటుంది. ఐదు నెలల కిందట ఆమెకి పక్షవాతం వచ్చింది. కాలు కాస్త ఈడ్చినా నడుస్తోంది. కుడి చెయ్యి సగం దారికొచ్చింది. మాట మాత్రం పోయింది. మొత్తం పోయిందనడానికి కూడా లేదు, ఒకే ఒక్కటి మిగిలింది. అది ‘అదే’.

ఆకలేస్తే అదే. ఫ్యాను వెయ్యాలన్నా అదే. నామీద చిరాకొస్తే గట్టిగా అదే. ఎవరైనా చూడ్డానికొస్తే మర్యాదగా అదే. ‘ఉంటా మరి, పెట్టేస్తున్నా’ అంటూ ఫోన్లో ఇంకో ముప్పావుగంట మాట్లాడే మనిషి ఆమె. అలాంటి మనిషికి చివరికి మిగలక మిగలక ఆ ఒక్క మాటా మిగిలింది. ఏ ‘అదే’కి ఏది అర్థమో కనిపెట్టడం నా పని. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గానే కనిపెడతానని నా నమ్మకం. ఆమె మొహం చూస్తే మూడుసార్లే అనిపిస్తుంది.

ఆస్పత్రి వాళ్ళు ఒక అమ్మాయిని పంపేవారు, మాటలు నేర్పడానికి. నేను ఆ పిల్లని మాటల టీచరనేవాణ్ణి. రెండు వారాలు కిందా మీదా పడ్డాక ఆ పిల్ల ఒక సంగతి పట్టుకుంది. మా ఆవిడ మాట్లాడలేదు గానీ, పాడుతుంది.

“మాట వచ్చే దారి మూసుకుపోయింది సార్. పాట వచ్చే దారి తెరిచే ఉంది. అటునుంచి తీసుకొద్దాం,” అంది టీచరు.

అలా మొదలైంది. ‘నీళ్ళు కావాలి’ అన్నదాన్ని ఒక రాగంలో పెట్టి పాడుతుంది టీచరు. ఒక్కో అక్షరానికీ ఎడమ చేత్తో బల్ల మీద ఒక తట్టు. నీ, ళ్ళు, కా, వా, లి, ఐదు తట్లు. మా ఆవిడ కూడా తడుతూ పాడాలి. ‘ఫ్యాను వెయ్యండి’, ‘తలుపు తియ్యండి’, ‘కాలు నొప్పి’, ఇలాంటివి మొత్తం పదకొండు. నేను ముందు గదిలో మిషన్లు విప్పుకుంటూ వింటూండేవాణ్ణి. లోపలికి వెళ్ళి గొంతు కలపలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను కూనిరాగం తీస్తే ఆవిడ పని ఆపి నావంక చూసి, “మీరు పాడితే పాడైపోతుందండీ,” అంది. ఏది పాడైపోతుందో చెప్పలేదు. అప్పట్నుంచీ ఇంట్లో నేను ఈల కూడా వెయ్యలేదు.

మా ఆవిడకి ఒక పాత పాటల ప్లేయరుంది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. ఐదు బటన్లు, వేలెడంత స్క్రీను, దానిమీద ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. పక్కన చిన్న మైకు బెజ్జం కూడా ఉంది. ఫోనైతే ఆమె వేలు జారిపోయి ఎవరెవరికో ఫోన్లు వెళ్ళిపోతున్నాయి. ఈ ప్లేయరైతే కళ్ళు మూసుకుని నడుపుతుంది, వేళ్ళకే తెలుసు. అందుకని టీచరు ఆ పదకొండూ దాంట్లోనే పాడి రికార్డు చేసింది. ఒకసారి తను పాడి, ఆమె పాడ్డానికి ఖాళీ వదిలి, మళ్ళీ పాడి. ఆ తర్వాత టీచరుకి వేరే ఊరు బదిలీ అయింది.

“ప్లేయరుందిగా సార్, భయం లేదు. రోజూ పొద్దున్న పదింటికి గంటసేపు. ఒక్కరోజు కూడా మానొద్దు. ఇప్పుడు ఆగితే వచ్చింది కూడా వెనక్కి పోతుంది,” అని చెప్పి వెళ్ళింది.

చెవిలో ఆ గొంతు పడితే మా ఆవిడ నాలుగు ముక్కలు పాడుతుంది. చెవిలోంచి తీసేస్తే మళ్ళీ అదే. అంటే మా ఇంట్లో మాటంతా ఆ అగ్గిపెట్టెలో ఉంది. అది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను, అదీ నా ఖర్మ.

ముందు ప్లేయరు మొరాయించడం మొదలుపెట్టింది. ఆన్ చేస్తే ఐదు నిమిషాలు గిర్రున తిరిగే గుర్తొకటి చూపిస్తూ కూర్చునేది. ఒకరోజు పాట మధ్యలో బిగుసుకుపోయింది. ‘నీళ్ళు కా’ దగ్గర ఆగి ‘కా కా కా కా’ అంటోందట. నాకు వినపడదు కదా, ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో ఉన్నాయి. నాకు వినపడింది మా ఆవిడ గొంతు. బల్ల మీద తడుతూ ‘కా, కా, కా’ అని ఆగకుండా అంటోంది, మొహం ఎర్రబడిపోయింది. మళ్ళీ పక్షవాతమే వచ్చిందనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇయర్‌ఫోన్లు లాగి నా చెవిలో పెట్టుకున్నాక గానీ సంగతి అర్థం కాలేదు.

మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. మోకాలు నొప్పన్నా, నల్లా కారుతోందన్నా అతని దగ్గర ఒకటే మందు, ‘అప్‌డేట్ చెయ్యి బావా.’ అందుకే ఇంట్లో అతని పేరు అప్‌డేటు.

“పాత సాఫ్ట్‌వేరు బావా. అప్‌డేట్ చేస్తే దూదిలా పనిచేస్తుంది,” అన్నాడు.

“దూది పనిచెయ్యడమేంట్రా?”

“అంటే తేలిగ్గా అని. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చో, నేను చెప్తుంటా నువ్వు చెయ్యి. నా పాత లాప్‌టాప్ మీ ఇంట్లోనే ఉందిగా.”

ఆదివారం కూర్చున్నాను. ప్లేయరుకి వైరు పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ లాప్‌టాప్‌లో ఏమీ కనపడదు. గంటసేపు ఇద్దరం ఒకరినొకరు తప్పుపట్టుకున్నాక, కొన్ని వైర్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయనీ, సరుకు మొయ్యవనీ అప్‌డేటుకి గుర్తొచ్చింది. రెండు వైర్లూ చూడ్డానికి కవలపిల్లలు. ఎవడు చేశాడో గానీ, వాడి మిషన్ నా దగ్గరికి బాగుకొస్తే బాగుండు. రెండో వైరు పెడితే కనపడింది. తర్వాత అప్‌డేట్ ఫైళ్ళు రెండున్నాయి, ఒకటి మా మోడలుది, ఇంకోటి దాని తమ్ముడిది. ప్లేయరు వెనక అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. సూదిమొనలు చూసుకునే భూతద్దంతో చదివి చెప్పాను. ఇంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి.

“చోటు చాలదంటోందిరా,” అన్నాను.

“అయితే పనికిరానివి ఏవైనా ఉంటే తీసెయ్ బావా. ఏమేమున్నాయి?”

స్క్రీను మీద మూడు ఫోల్డర్లున్నాయి. పీ ఏ టీ ఏ. పీ ఏ డీ యూ. మూడోది వాయిస్. వాయిస్ అంటే గొంతు, ఆమాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. టీచరు గొంతు అందులో ఉంటుంది, దాని జోలికి పోకూడదు. మిగిలినవి రెండు. పాత. పాడు. నేను బల్ల కిందికి చూశాను. నా రెండు డబ్బాలూ నావైపే చూస్తున్నాయి. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఈ ప్లేయరు సర్దినవాడెవడో నాలాగే పద్ధతి తెలిసినవాడు, పాతవి ఒకచోట, పాడైనవి ఒకచోట పెట్టాడు అనుకున్నాను.

‘పాడైనవేవో ఉన్నాయిరా’ అంటే ‘అయితే తీసెయ్’ అన్నాడు అప్‌డేటు. అయినా అడగకుండా చెయ్యలేదు. ఆమె వస్తువు కదా. ప్లేయరూ లాప్‌టాపూ పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టి, వేలుతో చూపించాను.

“ఇదిగో, ఈ పాడు ఉంది చూడు. దీన్ని తియ్యనా?”

ఆమె మొహం వెలిగిపోయింది. “అదే,” అంది. తలాడిస్తూ మళ్ళీ, “అదే, అదే.”

ఇంత ఉత్సాహంగా ఈమధ్య దేనికీ ఒప్పుకోలేదు. తీసేశాను. నిజంగానే తీసెయ్యమంటారా అని లాప్‌టాప్ ఇంకోసారి అడిగింది. అడగాల్సినవాళ్ళని అడిగే తీస్తున్నాలే అని దాన్ని విసుక్కున్నాను. చోటు సరిపోయింది. గీత ఒకటి మెల్లిగా నిండింది, వైరు కదపొద్దని రాసుంటే నేను ఊపిరి కూడా కదపలేదు. ప్లేయరు ఆరి, మళ్ళీ వెలిగింది. నాలుగు సెకన్లలో. గిర్రున తిరిగే గుర్తు లేదు, ఏమీ లేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాలనిపించేంత గర్వం వచ్చింది నాకు.

మర్నాడు పదింటికి మా ఆవిడ కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. వేళ్ళు వాటి దారిన అవి వెళ్ళాయి, కిందికి ఒకటి, కుడికి ఒకటి, మధ్యలో నొక్కు. ఎడమ చెయ్యి బల్ల మీద సిద్ధంగా ఉంది. తట్టలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ.

“అదే?” అంది నావంక చూసి.

విన్నాను. టీచరే. కానీ ‘హలో, హలో, మైకు పనిచేస్తోందా’ అంటోంది. అంతే, మళ్ళీ మొదటికి. ఇయర్‌ఫోన్లు మార్చాను. ఆపి ఆన్ చేశాను. పక్కనున్న చిన్న మీట అటూ ఇటూ జరిపాను, బటన్లన్నీ బిగుసుకుపోయాయి. అయ్యో చచ్చిపోయింది అనుకుని పది నిమిషాలు ఒళ్ళంతా చెమటలు పట్టాక, ఆ మీట బటన్లకి తాళమని తెలిసింది. తాళం తీశాను. హలో, హలో, మైకు పనిచేస్తోందా.

“అదే!” అంది ఆవిడ. ఇది ఉత్సాహం కాదు.

లేచి కాలీడ్చుకుంటూ ముందు గదిలోకి వెళ్ళింది. వంగి, బల్ల కింద నుంచి నా పాడు డబ్బాని ఎడమ చేత్తో లాగింది. మోసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. దానిమీద రాసిన అక్షరాల మీద వేలితో కొట్టింది. తర్వాత తన గొంతు పట్టుకుని చూపించింది. మళ్ళీ అక్షరాల మీద కొట్టింది.

“గొంతు పాడైందా? నొప్పిగా ఉందా?”

“అదే,” అంది, కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతూ.

“ప్లేయరు పాడైందా?”

“అదే!”

“డబ్బా పారబొయ్యాలా?”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పనికిమాలిన మిషన్‌ని చూసినట్టు నన్ను చూసి మొహం అటు తిప్పేసుకుంది. నాకు ఏమీ అర్థం కాలేదు, ఏడుపొక్కటే తక్కువ. చివరికి మాటల టీచరుకే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పాతవీ పాడైనవీ అన్న రెండు ఫోల్డర్ల దాకా వచ్చేసరికి ఆ పిల్ల నన్ను ఆపింది.

“పాడైనవి కాదు సార్. పాడు.”

“అదేనమ్మా, పాడు.”

“కాదు సార్. పాడు అంటే, పాడమని. పాట పాడు. అమ్మగారి వేళ్ళకి సులువుగా దొరికేలా అందులో పెట్టాను. వాయిస్‌లో ఉన్నది నేను మైకు చూసుకున్నదే.”

ఆ ‘పాత’ కూడా పాత కాదట, పాట అట. సాయంత్రం అప్‌డేటు వచ్చినప్పుడు చెప్పాడు, వాళ్ళక్కకి పాటలు ఎక్కించి ఆ పేరు పెట్టింది తనేనట. అంటే నేను నిన్న మా ఆవిడ ముందు నిలబడి, పాడు అన్న దాన్ని చూపించి ‘తియ్యనా’ అని అడిగాను. ఆమె రోజూ ‘తలుపు తియ్యండి’ అని పాడే మనిషి. తెరవనా అంటున్నాననుకుంది. తెరవమంది. నేను ఆమె కళ్ళముందే, ఆమె నవ్వుతుండగానే, ఆ గొంతు తీసి పారబోశాను.

అప్‌డేటు లాప్‌టాప్ ముందు మూడు గంటలు కూర్చున్నాడు. పోయినవాటిని తవ్వితీసే సాఫ్ట్‌వేరేదో నడిపాడు. పేర్లకి బదులు అంకెలున్న ఫైళ్ళు నాలుగొందల దాకా వచ్చాయి. సగం బుసబుసలాడాయి, మిగతావి సగంలో తెగిపోయిన పాటలు. ఒక్కదాంట్లో మాత్రం టీచరు గొంతు వినపడింది. ‘వాలి’ అంది. కావాలిలో వాలి. అంతే మిగిలింది.

“దానిమీదే అప్‌డేట్ రాసేసుకుంది బావా,” అన్నాడు నేల చూస్తూ. అతను నేల చూడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు.

టీచరు మూడు వారాల దాకా రాలేనంది. ఫోన్లో పాడి పంపుతాను అంటే సరేనన్నాను గానీ, ఫోను మా ఆవిడ చెవి దగ్గర పెడితే విసిరికొట్టింది, ప్లేయరులోకి ఎక్కిస్తానంటే మొహం తిప్పేసుకుంది. రెండు రోజులు కుర్చీ దగ్గరికే రాలేదు. అదే అనడం కూడా మానేసింది. తిట్టినా బాగుండేది. ఒక్కరోజు కూడా మానొద్దన్న మాట నా బుర్రలో జోరీగలా తిరుగుతోంది, రెండు రోజులు పోయాయి.

మూడోరోజు మళ్ళీ టీచరుకి ఫోన్ చేశాను.

“మీరే పాడండి సార్. ఎదురుగా కూర్చుని,” అంది.

“నేను పాడితే...” అని ఆగిపోయాను.

“ఎలా పాడినా ఫర్వాలేదు సార్. తట్టడం మాత్రం మర్చిపోకండి.”

పదింటికి షాపు తలుపు దగ్గరగా వేశాను. మా ఆవిడ మంచమ్మీద కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కుర్చీ జరిపి ఎదురుగా కూర్చున్నాను. బల్ల అక్కడికి అందదు. పాడు డబ్బా ఇంకా ఆ గదిలోనే ఉంటే దాన్నే ఖాళీ చేసి మధ్యలో బోర్లించాను. ఎందుకైనా మంచిదని ప్లేయరులో రికార్డు బటన్ నొక్కి పక్కన పెట్టాను. ముప్పై నాలుగేళ్ళ తర్వాత ఆవిడ ముందు గొంతు విప్పుతున్నాను.

“తప్పు చేశాను,” అన్నాను ముందు. “నిన్ను అడిగే చేశాననుకున్నాను. నీ మాట నేనెప్పుడూ సరిగ్గా వినలేదు.”

నేను డబ్బా మీద తట్టాను. నీ, ళ్ళు, కా, వా, లి. మొదటి అక్షరం ఎత్తులో పడాలి, నాది బావిలో పడింది. రెండోసారి ఎత్తుకున్నాను, ఈసారి చివరిది కప్పు తగిలింది. మూడోసారి తట్లు ఆరు పడ్డాయి, అక్షరాలు ఐదే. ఆరో తట్టుకి ఏం పాడాలో తెలీక ‘ఊఁ’ అన్నాను.

ఆవిడ మెల్లిగా ఇటు తిరిగింది. మొహం నిండా చిరాకు. పెళ్ళైన కొత్తలో చూసిన మొహమే, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో. నేను నాలుగోసారి మొదలుపెట్టాను. ఆవిడ ఎడమ చెయ్యి వచ్చి డబ్బా మీద నా చేతిని పక్కకి నెట్టింది. రేకు మీద ఒక్కొక్కటే తట్టింది. చెవిలో ఎవరి గొంతూ లేదు. అదే రాగం, తూచినట్టు.

“మీ, రు, పా, డొ, ద్దు.”

ఐదు తట్లు. నేను వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. పదకొండింట్లో ఆ ముక్క లేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆవిడ కూడా తన నోటినుంచి వచ్చింది తనే విని, చెయ్యి గాల్లోనే ఆపేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు కళ్ళు కనపడ్డం లేదు, అన్నీ నీళ్ళే.

తుడుచుకుని, గొంతు సవరించుకుని, డబ్బా దగ్గరికి లాక్కుని మళ్ళీ పాడాను. ఈసారి కావాలనే ఇంకా అధ్వాన్నంగా పాడాను.